కార్యాలయ రాజకీయాలు – క్షీణించిన మనోబలం: 1809 మచిలీపట్నం కంపెనీ అధికారుల తిరుగుబాటు – పరిశీలన

వ్యాససంగ్రహం

పెద్ద సంస్థలలో కార్యాలయ రాజకీయాలు, ఉద్యోగుల మనోబలం క్షీణించడం అనే అంశాలను సాధారణంగా ఆధునిక నిర్వహణశాస్త్రం పరిధిలోనే చర్చిస్తుంటారు. ఇవి చరిత్ర రచనకు కూడా సంబంధించిన విషయాలే. తెలుగు నేలపై దాదాపు రెండున్నర శతాబ్దాలు నిలిచిన అతిపెద్ద సంస్థ ఈస్టిండియా కంపెనీ. ఆ సంస్థకు చెందిన ఐరోపా సైనికాధికారులు 1809లో మచిలీపట్నం, సికింద్రాబాదు, జాల్నా, శ్రీరంగపట్నం స్థావరాలలో తమ యాజమాన్యంపైనే తిరగబడ్డారు. ఆ ఘటనను ఒక ఉద్యోగ వ్యవస్థలో మనోబలం కూలిపోయిన తీరుగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆదాయం తగ్గడం ఒక్కటే ఆ పతనానికి కారణం కాదనీ, మొర చెప్పుకొనే సక్రమ మార్గాలు ఒక్కొక్కటిగా మూసుకుపోవడమే ప్రధాన కారణమనీ, ఆ కలహానికి అత్యధిక మూల్యం చెల్లించినవారు కలహంలో భాగస్వామ్యమే లేని సిపాయిలనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఈస్టిండియా కంపెనీ, మచిలీపట్నం, మద్రాసు సైన్యం, జార్జ్ బార్లో, జాన్ మాల్కం, ఉద్యోగ మనోబలం, సిపాయిలు.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి నోట ‘కుంపిణీ’గా నానిన ఈస్టిండియా కంపెనీని మన చరిత్ర గ్రంథాలు వర్తక సంస్థగా, ఆక్రమణదారుగా, పన్నులు వసూలుచేసే ప్రభుత్వంగా వర్ణించాయి. ఈ మూడు రూపాలూ వాస్తవమే. అయితే కంపెనీకి నాలుగో రూపం కూడా ఉంది. అది వేలాదిమంది జీతగాళ్లు పనిచేసిన ఉద్యోగ సంస్థ. అందులో నియామకాలు, పదోన్నతులు, భత్యాలు, బదిలీలు, సిఫారసులు, అలకలు, చాడీలు, గుంపులు అన్నీ ఉండేవి. పాలకవర్గాన్ని ఏకశిలగా భావించే దృష్టికి ఈ నాలుగో రూపం కనిపించదు.

1611లో కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకుంది. 1759లో కల్నల్ ఫోర్డ్ ఆ కోటను ఫ్రెంచివారి నుంచి గెలుచుకున్నాడు. ఆ తరువాత సరిగ్గా అర్ధశతాబ్దానికి, అదే కోటలో కంపెనీ అధికారులు కంపెనీ నియమించిన సేనానినే బంధించారు. ఈ ఘటనను ‘తెల్లవారి తిరుగుబాటు’గా పేర్కొనడం ఆంగ్ల చరిత్రకారులలో పరిపాటి. ఘటనలో పాత్రధారి అయిన జాన్ మాల్కం 1812లోనే దీనిపై ఒక పుస్తకం ప్రచురించాడు. అలెగ్జాండర్ కార్డ్యూ 1929లో ప్రత్యేక గ్రంథం రాశాడు. గవర్నరు బార్లోది తప్పా, అధికారులది తప్పా అన్న వాదం చుట్టూనే ఈ చర్చ ఎక్కువగా తిరిగింది. దోషనిర్ణయానికి బదులు, ఒక పెద్ద సంస్థలో నమ్మకం ఎలా సడలింది, దానిని ఎదుర్కొనడానికి ఉద్యోగులు ఏయే మార్గాలు వెదికారు, యాజమాన్యం ఎలా స్పందించింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం ముందుకు తెస్తుంది.

2. కంపెనీ సైన్యంలో ఉద్యోగ స్వరూపం

కంపెనీ సైన్యంలో చేరే ఐరోపా యువకుడు చాలా సందర్భాలలో పదిహేను, పదహారేళ్లకే కేడెట్‌గా ఓడ దిగేవాడు. ఇంగ్లాండు రాజు సైన్యంలో డబ్బు పెట్టి పదవి కొనుక్కొనే వీలుండేది. కంపెనీలో ఆ వీలు లేదు. పదోన్నతి కేవలం సేవాజ్యేష్ఠతను బట్టి వచ్చేది. కనుక ఒక మేజరు పదవి కోసం దశాబ్దాలు వేచి ఉండవలసి వచ్చేది. జీతం స్వల్పం. బట్టా, గుడారాల భత్యం, పటాల నాయకత్వపు రాబడి వంటివి కలిస్తేనే అప్పులు తీర్చి, నాలుగు డబ్బులు వెనకేసుకొని స్వదేశం చేరే అవకాశం. 1796 నిబంధనలు సెలవు జీతాన్నీ, విశ్రాంతి వేతనాన్నీ ఏర్పరచి కొంత ఊరట కలిగించాయి. అయినా మూడు అసంతృప్తులు మిగిలిపోయాయి.

మొదటిది, అదే నేలపై పనిచేసే రాజు సైన్యపు అధికారులకు తమకన్నా ఎక్కువ గౌరవం, మంచి కొలువులు దక్కుతున్నాయన్న భావన. రెండవది, బంగాళా సైన్యంతో పోలిస్తే మద్రాసు సైన్యానికి భత్యాలు తక్కువన్న బాధ. మూడవది దూరం. మద్రాసు నుంచి లండనులోని డైరెక్టర్లకు విన్నపం వెళ్లి, జవాబు తిరిగి రావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకుమించి పట్టేది. అప్పటికి మొర పెట్టుకున్నవాడు ఏ జ్వరానికో, యుద్ధానికో బలై ఉండవచ్చు.

కంపెనీలో ఇటువంటి కలహాలు కొత్త కావు. 1766లో రాబర్ట్ క్లైవ్ రెట్టింపు బట్టాను రద్దుచేసినప్పుడు బంగాళా సైన్యాధికారులు మూకుమ్మడిగా రాజీనామాలకు దిగారు. 1776లో మద్రాసు కౌన్సిల్ సభ్యులు సైన్యం సాయంతో తమ గవర్నరు జార్జ్ పిగట్‌నే నిర్బంధించారు. ఆయన మరుసటి ఏడాది నిర్బంధంలోనే మరణించాడు. అంటే పై అధికారిని బలంతో తొలగించవచ్చునన్న దురభ్యాసం ఈ సంస్థ జ్ఞాపకంలో అప్పటికే ఉంది.

3. కోతల కాలం: గుడారాల కాంట్రాక్టు

వెల్లస్లీ కాలపు మైసూరు, మరాఠా యుద్ధాలు కంపెనీని అప్పుల్లో ముంచాయి. ఖర్చు తగ్గించమని డైరెక్టర్లు ఆదేశాల మీద ఆదేశాలు పంపారు. 1807 డిసెంబరులో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ జార్జ్ బార్లో పొదుపులో ఆరితేరినవాడు. కార్న్‌వాలిస్ మరణానంతరం ఆయన తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా పనిచేశాడు. డైరెక్టర్లు ఆయననే స్థిరపరచాలని కోరినా బ్రిటిష్ మంత్రివర్గం ఒప్పుకోలేదు. ఆ పదవి మింటో ప్రభువుకు దక్కింది. కింది మెట్టు దిగి మద్రాసు చేరిన బార్లో కూడా ఒక విధంగా కార్యాలయ రాజకీయాలలో దెబ్బతిన్న ఉద్యోగే. పై ఆదేశాన్ని తు.చ. తప్పకుండా అమలు చేయడమే తన యోగ్యతకు నిదర్శనమని ఆయన భావించినట్లు ఆయన చర్యలు సూచిస్తాయి.

దండు బజారులలో మద్యం మొదలైన వస్తువులపై వచ్చే సుంకంలో వాటా అప్పటికే అధికారుల చేజారింది. తరువాతి వంతు గుడారాల కాంట్రాక్టుది. 1802 నుంచి దేశీయ పటాలాల నాయకులకు నెలకు ఒక స్థిరమైన మొత్తం ఇచ్చేవారు. దానితో గుడారాలను, వాటిని మోసే ఎద్దులను, పనివారిని వారు ఎల్లవేళలా సిద్ధంగా ఉంచాలి. యుద్ధకాలంలో ఆ సొమ్ము చాలకపోవచ్చు. శాంతికాలంలో మిగిలేది. ఆ మిగులు పటాల నాయకుడికి చెందేది. 1808 మధ్యలో ఈ ఏర్పాటును రద్దుచేశారు.

ఈ రద్దుకు ఆధారం క్వార్టర్‌మాస్టర్ జనరల్ జాన్ మన్రో సమర్పించిన నివేదిక. (ఈయన దత్తమండలాల కలెక్టరుగా తెలుగువారికి సుపరిచితుడైన థామస్ మన్రో కాడు, తరువాతి కాలంలో తిరువాన్కూరు దివానుగా పనిచేసిన వ్యక్తి.) యుద్ధంలోనూ శాంతిలోనూ ఒకే మొత్తం చెల్లించే పద్ధతి వల్ల పటాల నాయకుని స్వలాభానికీ కర్తవ్యానికీ వైరుధ్యం ఏర్పడుతుందన్నది నివేదిక సారాంశం. పరిపాలన దృష్టితో చూస్తే ఈ పరిశీలనను తప్పుపట్టలేము. అది ఒక పద్ధతిని విమర్శించింది కాని వ్యక్తులను పేర్కొనలేదు. అయితే అంతర్గత నివేదిక బయటికి పొక్కింది. సిపాయిల అవసరాలను కొరతపెట్టి జేబు నింపుకొనేవారిగా తమను చిత్రించారని పటాల నాయకులు అర్థం చేసుకున్నారు. డబ్బు పోయిన బాధ పరువు పోయిన బాధగా మారింది. ఇక్కడే ఈ ఉదంతపు తొలి మలుపు ఉంది. జీతంలో కోతను ఉద్యోగి కాలక్రమంలో భరించగలడు. ఆ కోతకు చెప్పిన కారణం తన నిజాయితీని శంకించినప్పుడు దానిని మరచిపోలేడు.

4. పై అధికారుల పోరు, కింది అధికారుల శిక్ష

మద్రాసు సేనాధిపతి జనరల్ హే మాక్డోవాల్‌కు తన సొంత ఫిర్యాదు ఉంది. అంతకుముందు సేనాధిపతులకు గవర్నరు కౌన్సిల్‌లో స్థానం ఉండేది. డైరెక్టర్లు ఆయనకు ఆ స్థానం ఇవ్వలేదు. సైన్యం మాట కౌన్సిల్‌లో చెప్పడానికి ఎవరూ లేరన్నది ఆయన బాధ. అది వ్యక్తిగతమైన అభిమానభంగం కూడా. ఈ కారణంగానే ఆయన పదవి విడిచి స్వదేశానికి బయలుదేరాడు.

పటాల నాయకులు జాన్ మన్రోపై అభియోగం మోపి సైనిక విచారణ కోరారు. మాక్డోవాల్ కొంతకాలం ఆ కాగితాన్ని కదల్చలేదు. బయలుదేరే ముందు, 1809 జనవరిలో, మన్రోను నిర్బంధించాడు. తాను పై అధికారుల ఆజ్ఞ మేరకే నివేదిక రాశానని మన్రో నేరుగా ప్రభుత్వాన్ని ఆశ్రయించాడు. విడుదల చేయమని బార్లో ఆదేశించాడు. మాక్డోవాల్ విడుదల చేశాడు కాని, సేనాధిపతిని దాటి సివిల్ ప్రభుత్వాన్ని ఆశ్రయించినందుకు మన్రోను మందలిస్తూ జనవరి 28 తేదీతో ఒక సాధారణ ఉత్తర్వును వెనుక వదిలి ఓడ ఎక్కాడు.

ప్రభుత్వం ఆ ఉత్తర్వును రద్దుచేసి మాక్డోవాల్‌ను పదవి నుంచి తొలగించింది. అప్పటికే ఆయన సముద్రం మీద ఉన్నాడు. అందని వ్యక్తికి వేసిన శిక్ష అందుబాటులో ఉన్నవారిపై పడింది. ఆ ఉత్తర్వును ప్రచురించినందుకు అడ్జుటెంట్ జనరల్ కేపర్‌నూ, దానిపై సంతకం చేసిన డిప్యూటీ మేజర్ బోల్స్‌నూ ప్రభుత్వం సస్పెండు చేసింది. సేనాధిపతి ఆజ్ఞను పాటించడం తన విధి అని బోల్స్ వాదన. చట్టవిరుద్ధమైన ఆజ్ఞను పాటించకూడదని ప్రభుత్వ వాదన. ఇద్దరు యజమానుల మధ్య నలిగిన ఉద్యోగి సమస్యకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఆ కాలపు పత్రాలలో అరుదు. ఒకరి ఆజ్ఞను పాటిస్తే మరొకరు శిక్షిస్తారు. ఇదే న్యాయమైతే రేపు తమలో ఎవరికైనా ఇదే గతి పట్టవచ్చునని ప్రతి అధికారీ అనుకున్నాడు. గుడారాల భత్యంతో సంబంధమే లేని చిన్న అధికారులు కూడా ఈ వివాదంలోకి వచ్చింది బోల్స్ కారణంగానే.

మాక్డోవాల్, కేపర్ ప్రయాణించిన ‘లేడీ జేన్ డండాస్’ ఓడ 1809 మార్చిలో తుఫానులో మునిగిపోయింది. తమ వాదనను లండనులో వినిపించగల ఇద్దరూ ఆ విధంగా అదృశ్యమయ్యారు.

5. ఉద్యోగులు ఆశ్రయించిన మార్గాలు

ఒక సంస్థ పనితీరు దిగజారినప్పుడు అందులోనివారి ముందు ఉండే మార్గాలను ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రకటించిన గ్రంథంలో మూడుగా వర్గీకరించాడు: నిష్క్రమణ, నిరసన స్వరం, విధేయత. మద్రాసు అధికారుల ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి ఈ వర్గీకరణ ఉపకరిస్తుంది.

నిష్క్రమణ మార్గం కంపెనీ అధికారికి దాదాపు మూసి ఉంది. ఇరవై ఏళ్ల సేవాజ్యేష్ఠతను వదులుకుంటే మరో సైన్యంలో చోటు దొరకదు. సేనాధిపతి స్థాయి వ్యక్తి మాత్రమే అలిగి వెళ్లిపోగలడు. కనుక తక్కినవారికి మిగిలింది స్వరం. దానిని వారు మొదట మర్యాదగానే వినిపించారు. బోల్స్ ప్రవర్తనను ప్రశంసిస్తూ పత్రం రాశారు. సస్పెన్షన్ వల్ల ఆయన కోల్పోయిన జీతాన్ని చందాలు వేసుకొని భర్తీచేయ పూనుకున్నారు. గవర్నర్ జనరల్ మింటోకు సమర్పించడానికి ఒక స్మారకపత్రం తయారుచేసి స్థావరాల మధ్య తిప్పి సంతకాలు సేకరించారు.

ఈ చర్యలలో సాయుధ తిరుగుబాటు లక్షణాలేవీ లేవు. తోటివాడి కుటుంబం గడవడానికి చందా ఇవ్వడం, పై అధికారికి అర్జీ పెట్టడం ఏ ఉద్యోగ వ్యవస్థలోనైనా కనిపించేవే. బార్లో మాత్రం వాటిని కుట్రగా పరిగణించాడు. 1809 మే 1న వెలువడిన ఉత్తర్వులో స్మారకపత్రంతో సంబంధం ఉన్నట్లు భావించిన పలువురు అధికారులను విచారణ లేకుండానే సస్పెండు చేశాడు, మరికొందరిని పదవుల నుంచి తప్పించాడు. మింటో కూడా బార్లోనే సమర్థించాడు. దీంతో అర్జీ మార్గం మూసుకుపోయింది.

అదే ఉత్తర్వులో హైదరాబాదు సహాయక సైన్యం ఇటువంటి చర్యలకు దూరంగా ఉన్నందుకు ప్రశంస కూడా ఉంది. ఈ ప్రశంస ఫలితం విపరీతంగా పరిణమించింది. నిజాం సికందర్ జా పేరుతో 1806లో వెలసిన సికింద్రాబాదు దండులోని అధికారులు, తోటి అధికారుల దృష్టిలో తాము యాజమాన్యం మనుషులుగా మిగిలిపోతామని కలవరపడ్డారు. ఆ మెప్పు తమకు వద్దని, తాము సైన్యం వెంటే ఉన్నామని ప్రకటించారు. అంతవరకూ ప్రశాంతంగా ఉన్న దండు ఒక పొగడ్తతో అసమ్మతి కేంద్రంగా మారింది. కొందరిని శిక్షిస్తూ అదే కాగితంలో మరికొందరిని మెచ్చుకొంటే ఉద్యోగులు చీలిపోతారని యాజమాన్యాలు ఆశిస్తాయి. పరస్పర విశ్వాసం గట్టిగా ఉన్నచోట ఆ ఉపాయం వారిని మరింత దగ్గర చేస్తుంది.

6. మచిలీపట్నం: ఒక విందు, ఒక బదిలీ, ఒక వదంతి

కంపెనీ సైన్యంలో పూర్తిగా ఐరోపావారితో కూడిన మద్రాసు యూరోపియన్ రెజిమెంటు అప్పుడు మచిలీపట్నంలో ఉండేది. మే నెల మొదట్లో దానికి కొత్త సేనానిగా లెఫ్టినెంట్ కల్నల్ జేమ్స్ ఇన్నెస్ వచ్చాడు. ఆయన గౌరవార్థం ఏర్పాటైన విందులో ఒకరు ‘సైన్యపు మిత్రుల’ పేరిట మధుపాత్ర ఎత్తారు. ఆ మాటలో ప్రభుత్వంపై ఎత్తిపొడుపు ఉందని ఇన్నెస్ గ్రహించి, దానిని మార్చమన్నాడు. అధికారులు ఒప్పుకోలేదు. ఆయన విందు విడిచి వెళ్లి, జరిగినది మద్రాసుకు నివేదించాడు. ఫలితంగా ఒక లెఫ్టినెంటును కొండపల్లికి పంపారు, మరొకరి క్వార్టర్‌మాస్టర్ పదవి ఊడింది.

భోజనపు బల్ల దగ్గరి మాట అధికార పత్రంగా మారడం వల్ల కలిగిన నష్టం ఆ రెండు శిక్షల కన్నా పెద్దది. సేనాని సమక్షంలో ఎవరూ మనసు విప్పి మాట్లాడే వీలు లేకుండా పోయింది. మాట్లాడుకొనే చోటు మూతపడితే దాని స్థానంలో గుసగుసలు పెరుగుతాయి. మచిలీపట్నంలో అదే జరిగింది. నౌకాదళ ఓడలపై పనిచేయడానికి రెజిమెంటు నుంచి ఒక దళాన్ని పంపాలన్న ఆదేశం జూన్‌లో రాగానే, రెజిమెంటును ముక్కలు చేసి తమను శిక్షించడానికే ఈ ఎత్తుగడ అన్న వదంతి కోట అంతటా వ్యాపించింది. ఆదేశాన్ని ఇన్నెస్ బలవంతంగానైనా అమలు చేస్తాడని భయపడిన అధికారులు, మేజర్ జోసెఫ్ స్టోరీ ఆధ్వర్యంలో జూన్ 25న ఆయనను నిర్బంధించారు. కోటలో ఒక కమిటీ ఏర్పడింది. సికింద్రాబాదు, జాల్నా, శ్రీరంగపట్నం దండులతో రహస్య ఉత్తరాలు నడిచాయి.

ఇక్కడ ఒక పోలిక అవసరం. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. హైదర్ అలీతో యుద్ధం కోసం ఓడలెక్కి మద్రాసు వెళ్లమన్న ఆదేశం అందుకు తక్షణ కారణం. దాదాపు మూడు దశాబ్దాల తేడాతో ఒకే కోస్తాలో, ఒకసారి తెలుగు నేలపై పనిచేసే సిపాయిలు, మరొకసారి ఐరోపా అధికారులు, ఓడ ఎక్కించే ఆదేశం దగ్గరే తెగించారు. రెండు సందర్భాలలోనూ ఆదేశం చివరి తునక మాత్రమే. పంపేవారి ఉద్దేశంపై పంపబడేవారికి నమ్మకం లేకపోవడం మూలకారణం.

7. రెండు పద్ధతులు: మాల్కం సంభాషణ, బార్లో సంతకం

మచిలీపట్నం వార్త విన్న బార్లో, మద్రాసు సైన్యాధికారే అయిన జాన్ మాల్కంను అక్కడికి పంపాడు. పారశీక దౌత్యాలలో పేరుగాంచిన మాల్కం జూలై 4న మచిలీపట్నం చేరాడు. ఆయన ఎవరినీ బంధించలేదు. అధికారులతో కలిసి భోంచేశాడు, వాదించాడు, వారి ఫిర్యాదులు విన్నాడు, వారు సాయుధ ఘర్షణకు దిగకుండా ఆపాడు. సస్పెన్షన్లను ఎత్తివేస్తే గొడవ సద్దుమణుగుతుందని మద్రాసుకు రాశాడు. బార్లో దీనిని బలహీనతగా భావించి తిరస్కరించాడు. తాను ప్రభుత్వం తరఫున మాట్లాడుతున్నానో, అధికారుల తరఫున మాట్లాడుతున్నానో ఇరుపక్షాలకూ అనుమానం కలిగించడం మధ్యవర్తి ప్రారబ్ధం. మాల్కంకూ అదే ఎదురైంది. తరువాత ఆయన పుస్తకం రాసి తన ప్రవర్తనను సమర్థించుకోవలసి వచ్చింది.

బార్లో ఎంచుకున్నది పరీక్షాపత్రం. జూలై 26 నాటి ఆదేశం ప్రకారం కంపెనీ అధికారులందరూ ప్రభుత్వానికి లోబడి ఉంటామన్న ప్రకటనపై సంతకం చేయాలి. చేయనివారు తమ పటాలాలను విడిచి తీరప్రాంత స్థావరాలకు వెళ్లాలి. అసమ్మతికీ తిరుగుబాటుకీ మధ్య నిలబడి ఉన్న వందలాదిమందికి ఈ పత్రం తటస్థ స్థానం లేకుండా చేసింది. విధేయులలో సైతం ఎందరో, తమ విధేయతను శంకించి సంతకం అడగడమే అవమానమని నిరాకరించారు. విధేయతను కాగితంపై రుజువు చేయమనడం వల్ల ఉన్న విధేయత తరిగింది.

అయినా తక్షణ ఫలితం బార్లోకే అనుకూలించింది. రాజు సైన్యపు పటాలాలు ప్రభుత్వం వైపు నిలిచాయి. గవర్నర్ జనరల్ స్వయంగా మద్రాసుకు వస్తున్నాడన్న వార్త వ్యాపించింది. ఆగస్టు రెండో వారంలో సికింద్రాబాదు అధికారులు సంతకాలు చేశారు. ఆ వార్త అందిన మచిలీపట్నం అధికారులు ఆగస్టు మధ్యలో లొంగిపోయారు. శ్రీరంగపట్నం ఆగస్టు 23న లొంగింది.

8. కలహంలో సిపాయి

ఈ ఉదంతంపై వచ్చిన రచనలు ప్రధానంగా అధికారుల, ప్రభుత్వపు దృష్టి నుంచి సాగినవే. వాటిలో సిపాయి ఒక సంఖ్యగానో, ఒక బలంగానో కనిపిస్తాడు. అధికారుల నుంచి సిపాయిలను విడదీయడం బార్లో వ్యూహంలో ముఖ్యభాగం. ఐరోపా అధికారుల మాట కాక ప్రభుత్వపు మాట వినాలని సుబేదార్లకు, జమాదార్లకు, సిపాయిలకు నేరుగా నచ్చజెప్పించాడు. మూడేళ్ల కిందట, 1806లో, వెల్లూరు సిపాయిలు తమ అధికారులపై తిరగబడితే అది క్షమించరాని నేరమైంది. ఇప్పుడు అదే ప్రభుత్వం అధికారుల ఆజ్ఞను ధిక్కరించడమే ధర్మమని వారికి బోధించింది. ఇందుకోసం సికింద్రాబాదు వచ్చిన కల్నల్ బారీ క్లోజ్ మొదటి ప్రయత్నంలో విఫలుడయ్యాడు. సిపాయిలు ఆ రోజు తమ అధికారుల వెంటే నిలిచారు.

శ్రీరంగపట్నంలో పరిణామం విషాదకరం. అక్కడి అధికారులకు తోడుగా చిత్రదుర్గం నుంచి రెండు పటాలాలు బయలుదేరాయి. ఆగస్టు 11న శ్రీరంగపట్నం సమీపంలో మైసూరు రౌతులు, రాజు సైన్యపు అశ్వికదళం వాటిపై పడ్డాయి. అధికారులు నడిపించినచోటికి నడిచిన సిపాయిలు చెల్లాచెదురై, అనేకమంది చనిపోయారు, గాయపడ్డారు. గుడారాల భత్యంలో వారికి వాటా లేదు. బోల్స్ సస్పెన్షన్‌తో వారికి నిమిత్తం లేదు. సేనాధిపతికి కౌన్సిల్‌లో కుర్చీ దక్కితే వారికి ఒరిగేదీ లేదు.

శిక్షలలోని తేడా కూడా గమనార్హం. వెల్లూరు తరువాత సిపాయిలను ఫిరంగులకు కట్టి పేల్చారు, కాల్చారు, ఉరితీశారు. 1809 సెప్టెంబరులో మద్రాసు చేరిన మింటో 21 మంది అధికారులను మాత్రమే మినహాయించి తక్కిన అందరికీ క్షమాభిక్ష ప్రకటించాడు. ఆ 21 మందిలో ముగ్గురిని సైనిక న్యాయస్థానం ముందు నిలిపారు. శ్రీరంగపట్నం కల్నల్ బెల్‌కు, మచిలీపట్నం మేజర్ స్టోరీకి ఉద్యోగ బహిష్కారం పడింది. జాల్నా కల్నల్ డవ్‌టన్ నిర్దోషిగా తేలాడు. ఎవరికీ మరణశిక్ష పడలేదు. శిక్షితులలో చాలామందిని డైరెక్టర్లు తరువాత మళ్లీ కొలువులోకి తీసుకున్నారు. బార్లోను 1812లో వెనక్కి పిలిచారు. ఒకే సంస్థలో ఒకే నేరానికి, ఒకే దశాబ్దంలో, రెండు న్యాయాలు అమలయ్యాయి.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. 1809 కలహానికి ఆర్థిక కారణం ఆరంభం మాత్రమే. గుడారాల కాంట్రాక్టు రద్దుకూ ఇన్నెస్ నిర్బంధానికీ మధ్య దాదాపు ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో ఫిర్యాదుదారులకు విచారణ దొరకలేదు, సేనాధిపతికి కౌన్సిల్‌లో స్థానం దొరకలేదు, అర్జీ నేరమైంది, విందులోని మాట నివేదికయింది. ఒక్కో మార్గం మూసుకుపోయిన కొద్దీ అసమ్మతి మరింత లోపలికి, మరింత రహస్యంగా సాగింది.

2. మనోబలం క్షీణించడం పై మెట్టులోనే మొదలయింది. పదవి చేజారిన బార్లో, కుర్చీ దక్కని మాక్డోవాల్ తమ తమ అభిమానభంగాలను పరిపాలనలోకి తెచ్చారు. వారి పోరులో మొదట దెబ్బతిన్నవాడు ఉత్తర్వుపై సంతకం చేసిన డిప్యూటీ.

3. అధికారులు ఆశ్రయించిన మార్గాలలో చందా, అర్జీ అనేవి సంస్థకు హాని చేయనివి. వాటిని శిక్షించడం వల్లనే హాని చేసే కమిటీలు పుట్టాయి. మాల్కం సంభాషణ మచిలీపట్నంలో రక్తపాతాన్ని ఆపగలిగింది. బార్లో పరీక్షాపత్రం విజయం సాధించింది కాని విశ్వాసాన్ని తిరిగి తీసుకురాలేకపోయింది. ఆయననూ వెనక్కి పిలవడం ఇందుకు నిదర్శనం.

4. పెద్ద సంస్థలోని కలహపు మూల్యాన్ని కలహించినవారే చెల్లించరు. దానిని కింది మెట్టున ఉన్నవారు చెల్లిస్తారు. శ్రీరంగపట్నం దారిలో పడిపోయిన సిపాయిల పేర్లు మచిలీపట్నం విందులో ఎవరూ తలచలేదు.

తెలుగు ప్రాంత చరిత్ర రచనలో కంపెనీని పాలక శక్తిగా అధ్యయనం చేసిన సంప్రదాయం బలమైనది. దానిని ఉద్యోగ వ్యవస్థగా కూడా అధ్యయనం చేస్తే, కచేరీలలోని దుబాసీలు, శిరస్తాదారులు, గుమాస్తాలు, కోస్తా పటాలాల సిపాయిలు తమపైవారి రాజకీయాల మధ్య ఎలా బతికారన్న ప్రశ్నకు దారి ఏర్పడుతుంది. మచిలీపట్నం, సికింద్రాబాదు స్థావరాల చరిత్రపై పనిచేసే పరిశోధకులు ఈ దిశగా దృష్టి సారించవలసిన అవసరం ఉంది.